తాగి పడ్డాడని రాసిన కాగితం

మా అన్న ఒంటి మీద పడింది కల్లు. ఒంట్లోకి ఒక్క చుక్క పోలేదు. ఈ రెండింటికీ తేడా కనుక్కోని ఒక డాక్టరు మీద నేను నాలుగేళ్లు పగబట్టాను. పట్టినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

మాది కోరుట్ల దగ్గరి పల్లె. మా నాయన తాటిచెట్లు గీసేవాడు. దించిన దాంట్లో సగం తనే తాగేవాడు. కాలేయం చెడి, కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయాడు. అప్పటికి అన్నకు పదహారేళ్లు, నాకు పన్నెండు. నాయన దినాలు కాగానే అన్న కొండగట్టుకు నడిచిపోయి, జన్మలో కల్లు ముట్టనని అంజన్న ముందు ఒట్టు పెట్టుకొని వచ్చాడు. చెట్టెక్కే మోకు, గీసే కత్తి మాత్రం నాయనవే తీసుకున్నాడు. వేరే బతుకుదెరువు లేదు. పొద్దున, సాయంత్రం చెట్లెక్కేవాడు, కల్లు దించేవాడు, అమ్మేవాడు, ఇంటికొచ్చి చాయ్ తాగేవాడు. తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "నువ్వు తాగనిది మాకెట్ల పోస్తవ్ రా?" అని. అన్న నవ్వేవాడు. అతనికి కోపం రావడం నేను చూడలేదు. మా ఇద్దరి కోపమూ నాకే వచ్చిందని మా అమ్మ అనేది.

పెళ్లయ్యాక అన్న సౌదీ పోయాడు. తోటపని అని చెప్పిన ఏజెంటు గొర్రెల కాపలాకు అమ్మేశాడు. మూడేళ్లు ఎడారిలో ఉండి, సగం మనిషై తిరిగొచ్చాడు. వచ్చిన పదో రోజుకే మళ్లీ మోకు కట్టుకున్నాడు. "చెట్టు మీదికెల్లి జూస్తె మన ఊరంత కనవడ్తది చెల్లె. ఆడ ఎటు జూసినా ఇసుకనే" అన్నాడు.

నన్ను సిరిసిల్లలో ఇచ్చారు. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. గిరాకీ పడిపోయి సాంచాలు వరసగా మూతబడ్డ ఏడాది, ఆయన మా వాడకట్టు మగవాళ్లతో కలిసి మహారాష్ట్రలోని భివండికి వెళ్లిపోయాడు. నేను అత్తతో ఉండి నూలు కండెలు చుట్టేదాన్ని. ఆ కండెల దగ్గర కూర్చున్నప్పుడే వదిన ఫోను వచ్చింది.

"పిల్లా, మీ అన్న చెట్టు మీదికెల్లి పడ్డడు. జగిత్యాల దవాఖాన్ల ఉన్నం. మాట్లాడుతుండు గని... జర నువ్వు రా."

నేను వేములవాడలో బస్సు మారి జగిత్యాల చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అంతకుముందు జరిగింది వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, ఇప్పుడు నేనే అక్కడ ఉన్నట్టుంటుంది.

పొద్దున ఏడో చెట్టు దిగుతుంటే మోకు తెగింది. మరీ పైనుంచి కాదు, ఇద్దరు మనుషుల ఎత్తు. కానీ తల గట్టు రాయికి తగిలింది. నడుముకు వేలాడుతున్న లొట్టి పగిలి కల్లంతా అంగీ మీద, తల మీద పోసుకున్నట్టయింది. కాసేపు తెలివి తప్పి, మళ్లీ లేచి కూర్చున్నాడు. "ఏం గాలే" అన్నాడు. తర్వాత వాంతి చేసుకున్నాడు. వదిన ఆటో మాట్లాడి జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయింది. ఆ దవాఖాన పేరు రాయను. ఇప్పుడు అది లేదు కూడా. ముందు వైపు ఎర్ర దీపాలతో "అత్యవసర విభాగం" అని రాసి ఉండేది.

లోపల ఒక కుర్ర డాక్టరు డ్యూటీలో ఉన్నాడు. వాడిని వాడు అనే రాస్తాను. కుర్చీ జరుపుకొని వచ్చి, రెండడుగుల దూరంలోనే ముక్కు మూసుకున్నాడట.

"ఎంత తాగాడు?"

"తాగలే సారు. మా ఇంటాయన తాగడు. చెట్టు మీదికెల్లి పడ్డడు, లొట్టి వలిగింది."

"చెట్టెక్కేవాడు తాగడా?" అని నర్సు వంక చూసి నవ్వాడు.

వదిన మళ్లీ చెప్పింది. తల రాయికి తగిలిందని చెప్పింది. వాంతులని చెప్పింది. వాడు తల వెనక వాపు మీద వేలు పెట్టి చూసి, పైన చిన్న దెబ్బే అన్నాడు. సెలైను పెట్టించాడు. "మత్తు దిగేదాకా పడుకోబెట్టండి" అని మూల మంచానికి తోయించాడు. గంట తర్వాత అన్న గింజుకోవడం మొదలుపెట్టాడు. తల పట్టుకొని, మంచం దిగబోయి, సెలైను పీకేసుకున్నాడు. తాగినవాళ్ల గోల ఇలాగే ఉంటుందని చెప్పి వాడు నిద్ర ఇంజక్షను వేయించాడు. పుర్రె లోపల రక్తం కారుతున్న మనిషికి నిద్రమందు వేశాడు. 

నేను వెళ్లేసరికి అన్న గుర్రు పెడుతున్నాడు. మామూలు గుర్రు కాదు. తడిగా, లోతుగా వస్తున్నది. వదిన మంచం కింద కూర్చొని ఉంది. నేను అన్న చెంపలు తట్టాను. కనురెప్ప ఎత్తాను. ఒక కంట్లో కనుపాప కందిగింజంత ఉంది. రెండో కంట్లో బటానీ గింజంత. నాకు పెద్ద చదువు లేదు, ఏడో తరగతితో ఆగిపోయాను. కానీ రెండు కళ్లు ఒకేలా ఉండాలని తెలియడానికి చదువెందుకు?

అటుగా పోతున్న నర్సును చేయి పట్టి లాగాను. ఆమె చూసింది. చూసి పరుగెత్తింది. అప్పుడు కదిలారు అందరూ. ఆక్సిజన్ పెట్టారు, అంబులెన్సు పిలిచారు, కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. చేతిలో ఒక కాగితం పెట్టారు. డాక్టరు నా ముఖంలోకి చూడలేదు. జేబులో పెన్ను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

కరీంనగర్‌లో ఆ సాయంత్రమే అన్న తల తెరిచారు. బతికాడు. పెద్ద డాక్టరు బయటికి వచ్చి, "పొద్దున్నే స్కానింగ్ తీసుంటే..." అని ఆగిపోయాడు. తీసుంటే ఏమయ్యేదో చెప్పమని అడిగాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా" అన్నాడు. నేను వెంట తెచ్చిన కాగితం చూపించి ఇందులో ఏముందని అడిగాను. ఆయన చదివి తెలుగులో చెప్పాడు: "బాగా తాగిన స్థితిలో పడిపోయాడు, అని."

నెలన్నర తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది: "సరే." ఆకలైనా సరే, నొప్పైనా సరే, దోమ కుట్టినా సరే. వదిన బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఊళ్లో మాత్రం కథ మారిపోయింది. "తాగడు తాగడు అని ఫోజు కొట్టిండు, ఆఖరికి తాగి పడ్డడట" అన్నారు. చెట్టు మీది నుంచి పడ్డవాళ్లకు వచ్చే సాయం కోసం దరఖాస్తు పెడితే, ఆ కాగితం చూపించి తిప్పి పంపారు. అన్న చేయీ కాలూ మాటా తీసుకున్నది చాలక, వాడు అన్న ఒట్టు కూడా తీసుకున్నాడు. నా పగ అక్కడ మొదలైంది.

మొదట వకీలు దగ్గరికి పోయాను. ఆయన మంచివాడే. "అమ్మా, తాగలేదని నువ్వు అంటె నడవది. ఇంకో డాక్టరు అనాలె, లేకపోతె ఆ రోజు లోపల ఉన్నోళ్లు అనాలె" అన్నాడు. నలుగురు డాక్టర్లను అడిగాను. నలుగురూ కాగితం తిప్పి చూసి, పాపం అన్నారు. సంతకం పెట్టిన వాడు ఒక్కడూ లేడు. అప్పుడు ఆ పరుగెత్తిన నర్సు గుర్తొచ్చింది. ఆమె ఉద్యోగం మానేసిందని, ఊరు బుగ్గారం వైపని తెలుసుకొని వెతుక్కుంటూ పోయాను.

ఆమె నన్ను చూడగానే తలుపు దగ్గరే ఏడ్చింది. "రెండుసార్లు జెప్పిన అక్కా. వాంతులు ఆగుతలెవ్వు, తలకు స్కానింగ్ రాయుండ్రి సార్ అన్న. నువ్వు డాక్టరువా అన్నడు. నేను రిజిస్టర్ల రాసిన గూడ. తెల్లారి జూస్తె ఆ పేజీ లేదు."

"గదే కాయిదం మీద రాసియ్యి చెల్లె."

"రాసిస్తె నాకు యాడ ఉద్యోగం ఇయ్యరు."

నేను ఆమె కాళ్లు పట్టుకోలేదు. నెలకోసారి పోయి, ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని వచ్చేదాన్ని. ఏడో నెల ఆమెకు కువైట్ వీసా వచ్చింది. విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు తనే ఫోను చేసి పిలిచి, మూడు పేజీలు రాసి సంతకం పెట్టింది. "ఇగ నన్నెవ్వలేం జేస్తరు" అంది. వకీలు ఆ మూడు పేజీలతో కేసు వేశాడు. కానీ అవతలి వకీలు, రాసిన మనిషి ఎదురుగా వచ్చి చెబితేనే లెక్క అన్నాడు. ఆమె కువైట్‌లో ఎవరో ముసలమ్మకు సేవ చేస్తున్నది. రెండేళ్లదాకా రాలేదు. కేసు వాయిదాల మీద పడింది.

ఆ మధ్యలోనే తెలిసింది, వాడు కోరుట్లలో సొంత క్లినిక్ పెట్టాడని.

మా ఊరికి పావుగంట దూరం. అన్న గీత కత్తి ఇంట్లో చూరుకు ఉండేది. ఒక సోమవారం దాన్ని గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకొని పోయాను. ఎందుకు తీసుకుపోయానో నాకు బాగా తెలుసు. దాచను. టోకెను తీసుకొని, గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన ఒకామె పిల్లకు పాలిస్తూ, "డాక్టరు హస్తవాసి మంచిది" అని చెప్పింది. నా వంతు వచ్చింది.

వాడు లావయ్యాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం ప్రాబ్లం?"

"కడుపుల మంట సారు."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్ల సంది."

"కారం తగ్గించాలి" అని రాశాడు. అప్పుడు ఒకసారి చూశాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆ ముఖంలో ఏమీ కదలలేదు. నా చేయి సంచిలో ఉంది, పిడి తగులుతున్నది. ఆ క్షణంలో నాకు దయ కలగలేదు, భయమూ వేయలేదు. నాకొచ్చిన ఆలోచన వేరు: వీడు ఇప్పుడు చస్తే, ఎందుకు చస్తున్నాడో తెలియకుండా చస్తాడు. అది నాకు చాలదు. నేనెవరో వీడికి తెలియాలి. రోజూ తెలియాలి. చీటీ తీసుకొని బయటికి వచ్చేశాను.

మరుసటి సోమవారం అన్నను తీసుకొని వచ్చాను. తలకు నూనె రాసి, తెల్లంగీ వేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, క్లినిక్ గుమ్మానికి ఎదురుగా రోడ్డు ఇవతల ఆపాను. నేను పక్కన కింద కూర్చున్నాను. అరవలేదు, బోర్డు పట్టుకోలేదు. ఎవరైనా ఆగి ఏమైందని అడిగితే మాత్రం చెప్పాను. మొత్తం చెప్పాను, కాగితం చూపించాను. అప్పటి నుంచి ప్రతి సోమవారం అలాగే కూర్చున్నాం. మొదటి రోజు ముగ్గురు అడిగారు. నెల తిరిగేసరికి అడగాల్సిన పని లేకపోయింది. బస్సు దిగినవాళ్లే ఒకరికొకరు చెప్పుకునేవారు.

పక్కనే చాయ్ హోటల్ నడిపే ముసలాయన మొదటి రెండు వారాలు దూరం నుంచి చూశాడు. మూడో వారం వచ్చి, "బేటీ, ఎండల కూసుంటె నీ పగ జల్ది తీరుతదా? గీడ రేకుల కింద కూసో" అన్నాడు. ఆయన్ను చాచా అని పిలిచేదాన్ని. అన్నకు చాయ్ సాసర్లో పోసి, ఊది, తాగించేవాడు. "బాగుందా భాయ్?" అంటే అన్న "సరే" అనేవాడు.

పోలీసు ఒకాయన వచ్చాడు. "ఏందమ్మా గీ లొల్లి?"

"లొల్లేడున్నది సార్? కూసున్న."

"డాక్టరు సాబు కంప్లెంటు ఇచ్చిండు."

"కూసుంటె కేసైతదా? అయితె రాసుకోండ్రి. నేను గూడ జెప్తా, ఎందుకు కూసున్ననో రాసుకోండ్రి."

ఆయన అన్న వంక చూశాడు, చాచా ఇచ్చిన చాయ్ తాగాడు, వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలలు అలా సాగింది. సిరిసిల్లలో మా అత్త సణిగేది. భివండి నుంచి మా ఆయన ఫోనులో, "వాని బతుకు వాడు బతుకుతడు, నువ్వు నీది బతుకు" అనేవాడు. వదిన కూడా ఒకసారి, "పిల్లా, ఆయనకు ఎండ దెబ్బ తాకుతది. ఇది ఆయన కోసమా, నీ కోసమా?" అని అడిగింది.  నా కోసమే అని అప్పటికే నాకు తెలుసు. క్లినిక్ బయట చెప్పులు తగ్గుతూ వచ్చాయి. నేను వాటిని లెక్కపెట్టేదాన్ని. మొదట్లో ముప్పై, నలభై జతలు. తర్వాత పదిహేను. ఒక సోమవారం నాలుగే ఉన్నాయి. ఆ రోజు నాకు అన్నం రుచిగా అనిపించింది.

ఆ రోజే వాడు రోడ్డు దాటి వచ్చాడు.

ఒంటరిగా వచ్చాడు. అన్న ముందు మోకాళ్ల మీద కూర్చొని, పనిచేయని కుడి చేయి తీసుకొని, వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు. "నన్ను క్షమించు అన్నా" అన్నాడు.

అన్న నవ్వు ముఖంతో, "సరే, సరే" అన్నాడు.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. నా ఒళ్లు మండిపోయింది.

"సంబురపడకు" అన్నాను. "గాయనకు గదొక్క మాట తప్ప ఇంకోటి రాదు. చెప్పుతోని కొడ్తున్న అనాలనుకున్నా సరే అనే వస్తది. గాయనకు నువ్వు ఉంచింది గదొక్కటే."

వాడు లేచి నిలబడ్డాడు.  తర్వాత చెప్పుకున్నాడు: అది ఉద్యోగంలో రెండో నెల అట. వరసగా ముప్పై గంటలు డ్యూటీ చేశాడట. ఇంకో డాక్టరు రాలేదట. అంతకుముందు రోజు నిజంగానే తాగి వచ్చినవాళ్లు ముగ్గురు ఉన్నారట. "వాసన రాగానే అదే అనుకున్నాను. ఇంకేం చూడలేదు" అన్నాడు.

"మా అన్న గూడ పొద్దుగాల్ల సంది ఏడు చెట్లు ఎక్కిండు. అలిసిండని ఎవ్వరి తల మీద పడలే."

"ఇప్పుడు నేనేం చేయాలి? చెప్పండి."

"గదే రాయి. తాగలేదని రాయి. చూడలేదని రాయి. మా ఊరోళ్లకు జూపియ్యాలె."

వాడు చాచా దగ్గర కాగితం అడిగి తీసుకున్నాడు. టేబుల్ మీద చాయ్ మరకలు తుడిచి, అక్కడే కూర్చొని రాశాడు. రోగి తాగి లేడని, ఒంటి మీద వాసన చూసి పొరపాటు పడ్డానని, తలకు స్కానింగ్ చేయించలేదని, నర్సు చెప్పినా వినలేదని రాశాడు. సంతకం పెట్టాడు. ఇచ్చే ముందు ఒక్క క్షణం కాగితం పట్టుకొని ఆగాడు.

"ఇది కోర్టుకు ఇవ్వరు కదా?"

"ఇయ్యను" అన్నాను.

తెల్లారి పది గంటలకు వకీలు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "గిది ఎట్ల సంపాదించినవమ్మా?" అన్నాడు. "అడిగిన, ఇచ్చిండు" అన్నాను.

మాట తప్పానని వాడు ఫోను చేశాడు. నేను ఎత్తి, చెవికి పెట్టుకొని విన్నాను. మొదట తిట్టాడు. తర్వాత బతిమాలాడు. ఇంట్లో చిన్న పాప ఉందన్నాడు. నేను చివరిదాకా విన్నాను. వాడు చెప్పడం అయిపోయాక పెట్టేశాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

తీర్పు రావడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది. తప్పు డాక్టరుది, ఆ దవాఖానదీ అని రాశారు. మాకు పరిహారం ఇమ్మన్నారు. కొన్నాళ్లు వైద్యం చేయకుండా వాడిని డాక్టర్ల మండలి ఆపింది. అన్న ఇవేవీ వినలేదు. తీర్పుకు నాలుగు నెలల ముందే, వర్షాకాలంలో జ్వరం తగిలి, మూడు రోజుల్లో పోయాడు. నేను తీర్పు కాగితం తీసుకొని ఊళ్లోకి పోయి, గీత కార్మికుల సంఘం గదిలో అందరినీ కూర్చోబెట్టి, తాగలేదన్న చోటు బడి పంతులుతో రెండుసార్లు చదివించాను. ఎగతాళి చేసినవాళ్లలో ఒకడు తల వంచుకొని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

కోరుట్ల క్లినిక్ షట్టరు పడింది. బోర్డు దించేశారు. వాడు ఎటు పోయాడో నాకు తెలియదు. గల్ఫ్‌లో ఏదో కంపెనీ లేబర్ క్యాంపులో పనిచేస్తున్నాడని ఒకరు, కాదని ఒకరు అన్నారు.

పోయినేడు సిరిసిల్ల పోతూ కోరుట్ల బస్టాండులో నిలబడి ఉంటే ఒకామె నన్ను గుర్తుపట్టింది. చంకలో పిల్లవాడు, వాడికి జ్వరం. "నువ్వేగదా ఆ డాక్టరును ఎల్లగొట్టింది?" అంది. "నా పెద్దకొడుకుకు ఫిట్స్ అచ్చినప్పుడు గాయననే బతికిచ్చిండు. పైసలు గూడ అడుగలే. ఇప్పుడు గింత జెరానికి జగిత్యాల దాక పోతున్న. నీ పగ తీరింది, మాకేమొచ్చింది?"

 వాడు ఆమె పెద్దకొడుకును బతికించి ఉంటాడు. మా అన్న దగ్గర తప్పు చేశాక, తర్వాత వచ్చిన ప్రతి తలనూ జాగ్రత్తగా చూసి ఉంటాడు. అది నిజమే కావచ్చు. ఆమె బస్సు ముందు వచ్చింది. పిల్లవాణ్ని ఎత్తి అందించడానికి చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు, తనే ఎక్కింది. ఆ బస్సు కదిలేదాకా చూస్తూ నిలబడ్డాను. వాడు మళ్లీ నా ఎదురుగా వచ్చి, అదే కాగితం రాసి, ఇవ్వరు కదా అని అడిగితే ఏమంటాను? ఇయ్యననే అంటాను. తెల్లారి మళ్లీ తీసుకుపోయి వకీలుకు ఇస్తాను.